అద్దాలు కోసే ఇంట్ల పసిబిడ్డ

మా అమ్మగారిది పాడి ఇల్లు. కార్వాన్ దిక్కు, మూసీకి దగ్గర్ల ఉండేది. బర్రెలు, గడ్డి, పొద్దున లేస్తే పాల చెంబుల చప్పుడు. మట్టినేల, అలికితే చల్లగ మెత్తగ ఉండేది. పెండ్లయ్యేదాక ఇంట్ల చెప్పులేసుకునుడన్నది నాకు ఎరుకనే లేదు. గసువంటి దాన్ని తీస్కపోయి ధూల్‌పేట్‌ల అద్దాలు కోసే ఇంటికి ఇచ్చిన్రు.

కొత్త కోడలిగ గడప దాటిన నాడే మా అత్త ఒక జత చెప్పులు నా ముంగట వేసి, "వంటింట్ల, దేవుని కాడ తప్ప ఇవి ఏడ తీయకు. తీస్తే నీ కాళ్లే పోతయ్" అన్నది. ఇంట్ల చెప్పులేసుకొని తిరుగుడేంది, గిదేం ఇల్లు అనుకున్న. తెల్లారి మర్చిపోయి వట్టికాళ్లతోని వాకిట్లకొచ్చిన. మడమల గాజుపెంకు దిగింది. మా ఆయన సూదితోని దాన్ని తీసి, నవ్వుకుంట, "ఇగ నువ్వు మా ఇంటి మనిషివైనవ్" అన్నడు. ఆయనకు నవ్వులాటగ ఉండె. నేను కుంటుకుంట పోయి చెప్పులేసుకున్న.

ఆ ఇంట్ల పెత్తనమంతా మా మామది. దేవుని పటాలకు, ముఖం చూసుకునే అద్దాలకు చౌకట్లు కట్టి బేగంబజార్ దుకాణాలకు ఇచ్చేటోడు. మా ఆయన ఆయన కిందనే పని నేర్చిండు. కోసుడు, అరగదీసుడు, కట్టుడు అంతా నడుమింట్లనే. వాకిలి మీది నుంచి మంచి వెల్తురు ఆడికే వస్తది గనుక పెద్ద టేకుబల్ల ఆడనే వేసిన్రు. ఆ బల్ల మీద గొంగడి పరిచి, గొంగడి మీద అద్దం పెట్టి, గజంబద్ద ఆనించి మా మామ హీరకలంతోని గీత గీసేటోడు. చెక్కపిడి కొసకు సన్నటి వజ్రపు ముక్క పొదిగిన కలం అది. ఆయన తప్ప ఇంకెవలు ముట్టొద్దు. గీత గీస్తుంటే పట్టుచీర చింపినట్టు చప్పుడొచ్చేది. ఆ చప్పుడైనంక బల్ల అంచున పెట్టి ఒక్కసారి వంచితే అద్దం రెండైతది. అట్ల రెండైనప్పుడల్లా, కంటికి కనవడని నలుసులు ఎగిరి ఇల్లంతా పడేటియి. ఆ సంగతి ఎవలికీ పట్టకపోయేది.

పరదేశాలల్ల పెద్ద లడాయి మొదలైనంక ఇంకింత కష్టమైంది. పరదేశం నుంచి కొత్త అద్దం వచ్చుడు బందైంది. నవాబుల పాత దేవిడీలల్ల హర్రాజు పెట్టిన నిలువుటద్దాలు కొనుక్కొచ్చి కోసుడు మొదలువెట్టిన్రు. ఆ పాత అద్దం మందంగ, గట్టిగ ఉండి చెప్పినట్టు వినకపోయేది. గీత ఒక దిక్కు గీస్తే ఇంకో దిక్కు పగిలేది. పగిలిన ముక్కలు కూడ పారేసేది లేదు. వాటిని గోరంత గోరంత బిళ్లలుగ కోసి, లాడ్‌బజార్ల లక్కగాజులు చేసేటోళ్లకు ఇయ్యాలె. ఆ బిళ్లలు కోసుడు ఆడోళ్ల పని. మా అత్త, నేను గోడకు ఆనుకొని కూసోని, పట్కారుతోని టక్కు టక్కుమని విరిచేది. పగటాల్ల ఎండ లోపలికి వచ్చినప్పుడు చూస్తే నేలంతా తళుక్కు తళుక్కుమనేది. చూసెటోళ్లకు అది అందంగ ఉండేదేమో. నాకు మాత్రం ఆ తళుకు చూస్తే ఒళ్లు మండేది.

నాకు బిడ్డ పుట్టింది. అమ్మగారింట్ల కాన్పయ్యి, బిడ్డకు మెడ నిలవడ్డంక ధూల్‌పేట్‌కు తిరిగొచ్చిన. బోర్లపడుడు, పొట్టమీద జరుగుడు ఉయ్యాలల్నే నేర్చుకున్నది. తర్వాత ఉయ్యాలల ఆగకపోయేది. మోకాళ్ల మీద లేచి, అంచు పట్టుకొని, కిందికి చూసి ఏడ్చేది. పసిపిల్లకు ఏం కావాలె? నేల కావాలె. ఆ ఇంట్ల లేనిదే అది.

నేను చేయని ప్రయత్నం లేదు. పొద్దున లేచి చీపురుతోని ఊడ్చేది. తడిబట్టతోని తుడిచేది. చీపురుకు, బట్టకు రాని నలుసులు గోధుమపిండి ముద్దతోని అద్దితే వస్తయని మా అమ్మగారి ఇంటి పక్క ఒకామె చెప్పింది. అద్ది చూసిన. ముద్ద తీసి వెల్తురుకు పెడితే ఉప్పుపలుకులు అంటినట్టు మెరిసేది. అది చూసి సంబురపడ్డ. మా అత్త చూసి, "పిండి దొరుకుడే కష్టంగ ఉన్నదంటే, నువ్వు నేలకు తినిపిస్తున్నవా?" అని ముద్ద గుంజుకున్నది. గుంజుకున్నా మల్ల అందుల గాజున్నది గద, రొట్టె చేసేటట్టు లేదు, బర్రెకు పెట్టేటట్టు లేదు. చివరికి ఆమెనే తీస్కపోయి మోరిల పడేసింది.

తుడిచి తుడిచి ఇంట్ల ఒక మూల శుభ్రం చేసుకొని, చాప పరిచి బిడ్డను కూసోవెట్టేది. అంతల మా మామ పొద్దటి పనికి కూసునే ముందు, గొంగడిని వాకిట్లకు తెచ్చి ఫట్ ఫట్‌మని దులిపేటోడు. గాలి లోపలికే కొట్టేది. నేను చేసిన పనంతా మట్టి పాలైతుండె. అద్దం కింద ఒక్క ఇసుకరేణువు ఉన్నా అద్దం పగులుతదని ఆయన గొంగడి దులిపేటోడు, ఉత్త బల్లను తడిబట్టతోని రెండుమాట్ల తుడిచేటోడు. అద్దానికున్న భాగ్యం నా బిడ్డకు లేకపాయె అని లోపల్లోపల ఉడికిపోయేది.

మా మామ ముంగట నేను నోరు విప్పి మాట్లాడేదాన్ని కాదు. అప్పటి కోడండ్లు ఎవలూ మాట్లాడకపోతుండె. ఏమన్నా చెప్పాలంటే అత్తతోని చెప్పించాలె, లేకుంటే మొగనితోని. అత్తను అడిగితే, "నేను నా పిల్లలందరినీ ఈ నడుమింట్లనే పెంచిన. మంచంకోడుకు చీరకొంగుతోని కట్టేసేది. ఏమైంది వాళ్లకు? నీ మొగడు కుంటుతున్నడా?" అన్నది.

ఇగ మా ఆయనను పట్టుకున్న. మా పక్కింట్ల పాలు అమ్మే ఒకామె ఉండేది. పాడి ఇంటి దాన్నని నన్ను మస్తు ప్రేమగ చూసేది. వాళ్ల పెరట్ల రెండు కొట్టాలు. ఒకటి ఖాళీగనే ఉండె. "గా కొట్టం మీ మామకు పనికొస్తే వాడుకోమను బిడ్డా" అని ఆమెనే అన్నది.

"ఇగో, ఆ కొట్టంల బల్ల వేసుకోమని మామకు చెప్పు" అన్న మా ఆయనతోని.

"చెప్త."

"ఎప్పుడు చెప్తవ్?"

"బాపు మంచిగున్నప్పుడు చూసి చెప్త. నువ్వు ఫికర్ చేయకు."

ఆ బాపు మంచిగున్నప్పుడు అనేది ఎన్నడు రాలే. పని బాగైతే, "ఇయ్యాల ఖుషీగున్నడు, ఇప్పుడెందుకు ఖరాబు చేసుడు" అనేటోడు. అద్దం పగిలితే, "ఇయ్యాల కోపంల ఉన్నడు" అనేటోడు. అడిగిన కొద్దీ చెప్త, చెప్త అనే మాట వింటుంటే గోడకు తల కొట్టుకోబుద్ధయ్యేది. ఆయన చెడ్డోడు కాదు. బిడ్డను ఎత్తుకునేటోడు, ఆడించేటోడు. తండ్రి ముంగట మాత్రం ఆయన కూడా నా లెక్కనే నోరు లేనోడు. నాకు నోరు లేకున్నా కోపమన్న ఉండె. ఆయనకు అదీ లేకుండె.

కొన్నాళ్లు అమ్మగారింటికి పోయొస్తనన్న. ఆడ మట్టినేల మీద బిడ్డ కడుపునిండ పాకుతదని నా ఆశ. అత్త ఒప్పుకోలే. "రంజాన్ దగ్గరవడ్డది. గాజులోళ్లు బిళ్లలకు మనుషులను పంపుతున్నరు. ఇప్పుడెట్ల పోతవ్? పండుగైనంక పో" అన్నది. పండుగైనంక పెండ్లిండ్లొచ్చినయ్. పెండ్లిండ్లకూ గాజులు కావాలె గద. ఊరు అవుతలి ఊరు కాదు, టాంగల ఎక్కితే చేరే దూరం. అయినా నాకు అది కాశికన్న దూరమైంది.

వాడకట్టు ఆడోళ్లు వచ్చి చూసి, "ఇంక పాకుతలేదా? మా పిల్లలు ఈపాటికి గడప దాటిన్రు. నడుముల బలం లేదేమో, నూనె రుద్దు" అనేటోళ్లు. నా బిడ్డకు బలం లేకకాదు, జాగ లేక అని అరవాలనిపించేది. అరిస్తే అత్తగారింటి పరువు. నోరు మూసుకొని నూనె రుద్దేది.

ఒకనాడు పగటాల్ల బిళ్లలు కోస్తున్నం. బిడ్డ నా వెనుక చాప మీద ఆడుకుంటున్నది, దాని నడుముకు కట్టిన కొంగు కొస నా కాలికి చుట్టుకున్న. ఎప్పుడూ అటు ఇటు గుంజేది, ఏడ్చేది. ఆ దినం చప్పుడు లేదు. చప్పుడు లేదేందని వెనక్కి తిరిగి చూసిన. బిడ్డ నోరు చప్పరిస్తున్నది. నన్ను చూసి నవ్వింది. నవ్వితే నాలిక మీద ఏందో మెరిసింది.

నా చేతుల పట్కారు ఏడ పడ్డదో ఎరుక లేదు. బిడ్డ దవడలు పట్టుకున్న, వేలు పెడుదామంటే అది ఎక్కడ లోపలికి పోతదోనని పెట్టలేకపోయిన. మా అత్త గబాలున వచ్చి, బిడ్డను బోర్ల తిప్పి, వీపు మీద ఒకటి చరిచి, చూపుడువేలితోని గీకి తీసింది. అద్దపు బిళ్ల. మేం కోసినదే. అంచులు ఇంక అరగదీయలే. నెత్తురు రాలే, నాలిక తెగలే. బిడ్డ నాలుగు ఏడుపులు ఏడ్చి ఊకున్నది.

మా అత్త ఆ బిళ్లను కొంగుకు తుడిచి, కోసిన బిళ్లల గంపల వేసింది. "ఏం గాలే. ఎందుకట్ల గాబరవడుతవ్, కూసో" అన్నది.

ఏం గాలే అన్న ఆ మాట నాకు బిళ్ల కన్న ఎక్కువ గుచ్చుకున్నది. సాయంత్రం మా ఆయనకు చెప్తే ముఖం తెల్లబోయింది. బిడ్డను గుండెలకు అదుముకున్నడు. తర్వాత అదే మాట. "రేపు బాపుకు తప్పకుండ చెప్త."

నేను బిడ్డను ఆయన చేతులల్ల నుంచి తీసుకొని పండవెట్టిన.

తెల్లారి మా మామ ఎప్పటి తీరుగనే గొంగడి తీసి వాకిట్ల దులుపుతున్నడు. ఉత్త బల్లను తడిబట్టతోని తుడిచి పెట్టిండు. ఇంకా తడి ఆరలే. నేను బిడ్డను చంకనేసుకొని నడుమింట్లకు పోయిన. బల్ల మీద చేయి పెట్టి ఈ కొస నుంచి ఆ కొసదాక రాసి చూసిన. నున్నగ, సల్లగ, ఒక్క నలుసు లేదు. మొత్తం ఇంట్ల పసిబిడ్డను దించేటంత శుభ్రమైన జాగ అదొక్కటే. బిడ్డను దాని మీద దించిన. నేను బల్ల అంచుకు నిలవడ్డ.

మా మామ గొంగడి భుజం మీదేసుకొని లోపలికొచ్చి ఆగిపోయిండు. మా అత్త చూసి, "అయ్యో, తియ్యవే, అది పని చేసే బల్ల! అద్దం ఆనే జాగల పిల్లను కూసోవెడ్తవా? దాని మీద ఉచ్చపోస్తే?" అని ఉరికొచ్చింది.

నా గొంతు నాకే కొత్తగ వినవడ్డది. "మామా, ఇయ్యాల పిల్ల ఈడనే ఉంటది" అన్న.

కోడలు మామతోని మాట్లాడింది. మా ఆయన చేతిల టీగ్లాసు చేతిల్నే ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే వాకిట్ల బండి ఆగింది. ఒక దేవిడీ నుంచి కొన్న నిలువుటద్దాన్ని ఇద్దరు హమాలీలు గోనెబట్టలు చుట్టి మోసుకొచ్చిన్రు. మనిషి కన్న ఎత్తున్నది. ముందున్నోడు ఆయాసంతోని, "కహాఁ రఖ్నా సేఠ్?" అని ఏడ పెట్టాలెనో అడిగిండు. ఎప్పుడైనా మా మామ చేయితోని బల్ల చూపెట్టేటోడు. ఇప్పుడు బల్ల మీద నా బిడ్డ ఉన్నది. ఆయన బిడ్డను చూస్తడు, అద్దాన్ని చూస్తడు, నా దిక్కు చూడడు. హమాలీల చేతులు గుంజుతున్నయ్. "సేఠ్, జల్దీ బోలో!"

"గోడకానించున్రి" అన్నడు మా మామ చివరికి.

వాళ్లు అద్దాన్ని గోడకు ఆనించి పోయిన్రు. ఆ లొల్లికి బిడ్డ మొదలు బిక్కమొగమేసింది. తర్వాత రెండు చేతులూ ముందుకు వేసింది. ఒక మోకాలు జరిపింది. ఇంకోటి జరిపింది. టేకుబల్ల మీద అరచేతులు పటపటమని చప్పుడు చేసుకుంట ఆ కొసదాక పాకింది. కొసకు నేను ఉరికిపోయి చేయి అడ్డం పెట్టిన. మల్ల తిరిగి ఈ కొసకు పాకింది. పాకుతలేదని వాడకట్టంతా అన్న పిల్ల అది. నాకు దుఃఖం ఆగలే, కోపం కూడ ఆగలే.

"ఎంతసేపు?" అన్నడు మా మామ.

"దానికి అలుపొచ్చేదాక."

"నిన్న దీని నోట్లకు బిళ్ల పోయిందట నిజమేనా?"

"నిజమే. పక్కింటి కొట్టంల పని చేసుకోమని మీ కొడుకుతోని ఎన్నటి నుంచో చెప్పిస్తున్న."

మా మామ కొడుకు దిక్కు తిరిగిండు. "నాకు చెప్పినవారా?" మా ఆయన తల వంచుకున్నడు. మా మామ గొంగడి మడిచి పక్కకు పెట్టి, పోయి అరుగు మీద కూసున్నడు. ఆ పూట పని కాలే. మా అత్త పగటిదాక నన్ను తిడుతనే ఉన్నది.

రెండు దినాలకు బల్ల పక్కింటి కొట్టంలకు పోయింది. నేను గెలిచిన అనుకున్న. కడవలకొద్ది నీళ్లు పోసి నడుమిల్లు కడిగిన. కాని నా సంబురం ఆ వారం దాటలే. కొట్టంల వెల్తురు సాలదు. మా మామ దీపం పెట్టుకొని కోసిండు, నీడ గీత మీద పడుతదని విసుక్కున్నడు. ఆ దేవిడీ అద్దాన్ని బల్ల మీద పరిచి, పొడుగు గీత గీసి, ఇగ వంచుదామని పట్టుకున్నప్పుడు, మేతకు పోయిన బర్రెలు తిరిగొచ్చినయ్. అందులొకటి కొట్టం గుంజకు ఒళ్లు రుద్దుకున్నది. గుంజ ఊగింది, బల్ల కదిలింది. అంత పెద్ద అద్దం, గీతను వదిలేసి అడ్డదిడ్డంగ పగిలిపోయింది. గోడ ఇవుతల వంటింట్ల ఉన్న నాకు ఆ చప్పుడు వినవడ్డది. మా అత్త నా ముఖం చూసి, "ఇప్పుడు సల్లగున్నదా నీ కడుపు?" అన్నది.

బల్ల మల్ల నడుమింట్లకొచ్చింది. దానితోని నలుసులూ వచ్చినయ్. పగిలిన ఆ పెద్ద అద్దమంతా బిళ్లలు కోసే పని నా మీదనే పడ్డది. కోస్తుంటే ఒక్కొక్క ముక్కను పట్కారుతోని కాదు, పండ్లతోని కొరికి పారేయాలనిపించేది. ఎవలను తిట్టాలె? బర్రెనా?

ఒకటి మాత్రం మారింది. మా మామ పొద్దున బల్ల తుడిచినంక వెంటనే గొంగడి పరచకపోయేటోడు. కుర్చీ జరుపుకొని బల్ల పక్కన కూసోని, "తే" అనేటోడు, అంతే. నేను బిడ్డను తెచ్చి దించేది. ఆయన టీ తాగినంతసేపు అది బల్ల మీద పాకేది. ఒక చేతిల గ్లాసు, ఇంకో చేయి బల్ల అంచుకు అడ్డం. బిడ్డ వచ్చి ఆ చేయికి తగిలి ఆగేది, మల్ల మర్లేది. గ్లాసు ఖాళీ అయితే నేనొచ్చి ఎత్తుకోవాలె. కొన్ని దినాలు టీ తాగుడు మస్తు ఆలస్యమయ్యేది. ఖాళీ గ్లాసు పట్టుకొని కూసున్నడని నాకు వంటింట్ల నుంచే కనవడేది. అయినా నా కోపం తీరలే. తిండి పెట్టమంటే వాసన చూపెట్టినట్టుండె ఆ కాసేపు.

నా బిడ్డ నేల మీద పాకనే లేదు. చాప మీది నుంచే బల్ల కోడు పట్టుకొని లేచి నిలవడ్డది. నిలవడ్డ దినమే మా మామ జుమ్మేరాత్ బజార్‌ల మోచీతోని అరచేతిల పట్టే తోలుచెప్పులు కుట్టించుకొచ్చిండు. వాటితోనే నడక నేర్చింది.

కొన్నేండ్లకు లడాయి ఒడిసింది, కొత్త అద్దం వచ్చుడు మొదలైంది. సరుకు పెట్టేతందుకు జాగ సాలక మా ఆయన సడక్ మీద దుకాణం పెట్టుకునే ములిగి ఒకటి కిరాయికి తీసుకున్నడు. బల్ల ఆడికి పోయింది. నేను చెప్పి చెప్పి నోరు నొచ్చినప్పుడు జరగని పని, సరుకు కోసం ఒక్క పొద్దుల అయిపోయింది. అప్పటికి నాకు మల్ల నెలలు నిండుతున్నయ్.

నడుమింట్ల పరిచినయి షాబాద్ బండలు. ఎంత కడిగినా బండల సందులల్ల నుంచి నలుసులు పైకి వస్తనే ఉన్నయ్. బండలన్నీ తీసి, కింది ఇసుక జల్లి, మల్ల పరవాలన్న. మా ఆయన గొణుక్కుంటనే గడ్డపార తెచ్చిండు. ఒక్కొక్క బండ లేపితే కింద ఇసుక సగం, గాజు సగం. తాతల నాటి నుంచి రాలిందంతా ఆడనే ఉన్నది. నిండు కడుపుతోని నేను పీట మీద కూసోని జల్లెడ పట్టిన. ఆయన మోకాళ్ల మీద కూసోని ఇసుక తోడిపోసిండు. నడుమ ఆగి, ఒక గుప్పెడు తీసి వెల్తురుకు పట్టి చూసిండు.

"ఇది ఎప్పుడో చేయాల్సుండె" అన్నడు.

నేను జల్లెడల మిగిలిన గాజు పక్కకు పోసి, ఇసుక తట్ట ఇటు జరపమన్న.